పాత వస్తువులు – క్రొత్త గదులు

గృహాలంకారమనగానే ధనవ్యయము జ్ఞప్తికి వచ్చుట నేటి వాడుక. గోడలకు వన్నె, కిటికీలకు తెర, మూలనొక విగ్రహము, ఇవన్నియు ఒక్కదినమున అంగడినుండి వచ్చి చేరినయెడల గది అందముగానే యుండును. కాని అది ఎవరి యిల్లో పోల్చుకొనుట కష్టము.

కాచిగూడలోని పెంకుటిల్లు విడిచి, అంతస్తుల మేడలో మూడు గదులలోనికి మారవలసివచ్చినప్పుడు ఈ సంగతి మాకు తెలిసివచ్చెను. మా అత్తగారి భోషాణము, ఇత్తడి గంగాళము, బిదిరీ పన్నీరుబుడ్డి, కలంకారీ దుప్పటి, తేలియా రుమాలు, వీనిని ఏమి చేయవలెను? పాతసామానులు కొనువాడు గంగాళమును తూచి ఇత్తడి వెల చెప్పెను. భోషాణమును వంటచెరకు ధరకడిగెను. ఇరుకు గదులలో వీనికి చోటేదని మగవారు బేరమునకు సమ్మతించిరి. అదియు కాదనరాని మాటయే. అత్తగారు మాత్రమేమియు పలుకక, భోషాణము మూతపై చేయివేసి కూర్చుండిరి.

మేము రెండు దినములు గడువడిగి, ఒక్కొక్క వస్తువును గూర్చి విచారించితిమి. బిదిరీ పాత్ర జింకు, రాగి కలిపిన లోహమునకు వెండి పొదిగినది. బీదరు కోటమట్టి కలిపిన ద్రవమున ఉడికించుటచే దానికి ఆ నలుపు వచ్చును. బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. కలంకారీని శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. మచిలీపట్టణపు ప్రాంతమున చెక్క అచ్చులతో వేయుదురు. తేలియా రుమాలు నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదలోను నానవేసి, ఎరుపు నలుపు రంగులద్ది నేయుదురు. పుట్టపాక నేతగాండ్రు నిలుపుకొన్న ఈ విద్యకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంత పనితనమునకు త్రాసులో స్థానమెక్కడిది?

మన నగరమున పాతదనమును కాపాడుటకు రెండు మార్గములు కనబడును. మూడవ సాలార్‌జంగు 1949లో గతించిన పిమ్మట, ఆయన సేకరించిన వస్తువులతో 1951లో ప్రదర్శనశాల వెలసెను. అచ్చట వస్తువులను చూడవచ్చును గాని ముట్టరాదు. కాచిగూడ రైలుస్టేషను 1916లో కట్టినది. దాని గుమ్మటముల క్రిందినుండి నేటికిని జనులు మూటలతో, బిడ్డలతో పోవుచునే యున్నారు. ప్రదర్శనశాలకు మొదటి మార్గము తగును. సంసారమునకు రెండవదియే తగినదని మాకు తోచినది.

కనుక చిల్లుపడిన పాత్రలను, విరిగిన పీటలను అమ్మివేసి, పనికివచ్చువానిని మాత్రముంచుకొంటిమి. భోషాణము కిటికీ క్రింద ఆసనమైనది. లోపల పరుపులు, పైన కలంకారీ దుప్పటి. అత్తగారు మధ్యాహ్నము దానిపైననే కూర్చుండి చిక్కుడుకాయలొలుతురు. గంగాళమున బియ్యము పోసితిమి. ఒక గోడకు మాత్రము జాజురంగు వేయించి, తక్కినవానిని సున్నపు తెలుపుననే యుంచితిమి. నల్లని బిదిరీ తెల్లని గోడ యెదుట నిండుగా కనబడును. రుమాలునకు అద్దము కట్టించి, ఎండ తగులని గోడకు వ్రేలాడదీసితిమి. దాని చెంత వేరొక పూలబట్ట యుంచలేదు. ఒకచోట ఒక చిత్రపుబట్టయే మాటాడవలెను.

ఇత్తడిని చింతపండుతో తోమవచ్చును గాని బిదిరీని తోమరాదు, నలుపు పోవును; కొబ్బరినూనె రాచి మెత్తని బట్టతో తుడిచిన చాలును. కలంకారీని చన్నీట జాడించి నీడన ఆరవేయవలెను.

సోదరీమణులారా! పాతసామానులవానిని పిలుచుటకు ముందు, ఇంటి పెద్దావిడను ఒక్కమాట అడుగుడు. ఆ వస్తువు కథ ఆమె నోట వినిన పిమ్మట అమ్మదలచినచో అమ్మవచ్చును. వినకమునుపు అమ్మినచో దానిని మరల కొనితెచ్చు అంగడి ఏ బజారునను లేదు.