రెండు చిరుతబల్లులు

మూగజీవులయెడ దయ గలిగి యుండవలెనని మనము పిల్లలకు బాల్యమునుండియే బోధించుచుందుము. ఆ దయ మనస్సున నుండిన చాలునా, దానికి తెలివికూడ తోడు కావలయునా యను ప్రశ్న నన్ను చిరకాలమునుండి వెంటాడుచున్నది. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో అమెరికాదేశమునందలి టెక్సాసు రాష్ట్రమున మా అక్కగారి యింట నేను గడపిన ఆఱు వారములలో దానికి కొంత సమాధానము దొరకినది. ఆ సమాధానమును నాకు రెండు బల్లులు నేర్పినవనిన పాఠకులు నవ్వకుందురు గాక!

మనకు బల్లి యనగా గోడమీది ప్రాణి. అది మీద పడిన నేమి ఫలమో యని పంచాంగము తిరుగవేయువారు కలరు గాని, దానిని తెచ్చి పెంచుకొనవలెనని యెవరికిని తోచదు. అమెరికాలోను, ఇంగ్లండులోను అట్లు గాదు. అచ్చట లెపర్డ్ గెకో యను బల్లిని కుక్కపిల్లవలె, చిలుకవలె ముద్దుగా పెంచెదరు. దానిని చిరుతబల్లి యందము. దాని స్వస్థలము ఆఫ్గనిస్థానము, పాకిస్థానము, మన దేశపు వాయవ్యభాగము. 1854వ సంవత్సరమున ఎడ్వర్డ్ బ్లైత్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు దానిని శాస్త్రరీతిగా వర్ణించెను. పసుపుపచ్చని మేనిపై నల్లని చుక్కలు, జానెడు పొడవు, మూయుటకు తెఱచుటకు వీలైన కనుఱెప్పలు గలిగి, చూచుటకు వింతగా నుండును. మన గోడబల్లికి వలె దాని వ్రేళ్లక్రింద అంటుకొను మెత్తలు లేవు గనుక గాజుగోడ నెక్కజాలదు. దాని తోక లావుగా నుండును. అది కొవ్వును దాచుకొను గాదె. చక్కగా పోషించినచో పదునైదు, ఇరువది యేండ్లు జీవించును.

మా అక్కగారి కుమారుడు పదునాలుగేండ్లవాడు. వాడు మొదట నొక బల్లిని తెచ్చి “చుక్క” యని పేరు పెట్టెను. అది రేయింబవళ్లు ఒంటరిగా నుండుట చూడలేక, కొన్ని నెలలకు రెండవదానిని తెచ్చి “పులి” యని పిలిచి, అదే గాజుపెట్టెలో నుంచెను. రెండును ఆడువే యని అమ్మినవాడు చెప్పెనట. పసితనమున వాటి లింగభేదము కనుగొనుట కష్టము. కొలదికాలము రెండును ఒకే రాతిక్రింద, ఒకదానిపై నొకటి పడుకొనుచుండెను. “చూచితివా పిన్నీ, ఎంత స్నేహమో!” యని వాడు నాకు మురిసిపోవుచు చూపించెను.

నేను వెళ్లిన రెండవ వారమున ఒక రాత్రి పెట్టెలో పెద్ద చప్పుడైనది. పోయి చూడగా పులి చుక్క మెడను కఱచి పట్టుకొని యుండెను. చుక్క తోక తెగి యొకప్రక్క పడి గిలగిల కొట్టుకొనుచుండెను. గోడబల్లి తోక యట్లు కొట్టుకొనుట మనలో నెవరు చూడలేదు? ఐనను ఆ బాలుని కన్నులయెదుట అది మిక్కిలి భయంకరముగా కనబడినది. వాడు ఏడ్చుచునే రెండింటి నడుమ అట్టముక్క నొకటి దూర్చి, పులి పట్టు విడిచినంతనే దానిపై గుడ్డ కప్పి పైకి తీసెను. అట్టి సమయమున తోక పట్టి లాగుటయు, బలవంతముగా దవడలు విప్పుటయు హానికరములని మఱునాడు పశువైద్యుడు చెప్పెను.

ఆ వైద్యుడు రెండింటిని వెల్లకిల త్రిప్పి, వెనుక కాళ్ల నడుమ కోణాకారముగా నున్న రంధ్రముల వరుసను మాకు చూపించెను. అది మగవాటియందు స్ఫుటముగా కనబడు గుర్తు. రెండును మగవే! యౌవనము వచ్చువఱకు ఓర్చుకొనిన మగబల్లులు, వచ్చినపిదప ఒకదాని నొకటి చంపునంతవఱకు పోరాడగలవు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను సామెత వీటికి అక్షరాల సరిపోవును.

గాయమునకు చేసిన చికిత్స సులభమైనదే గాని ఓపికతో గూడినది. చుక్కను వేఱొక పెట్టెలోనికి మార్చి, ఇసుకకు బదులు తెల్లని కాగితపు తువ్వాళ్లు పఱచిరి. ఇసుక గాయమున అంటుకొని చీము పట్టించును; తెల్లని కాగితముపై నెత్తురు, మలము వెంటనే కనబడును. పొవిడోన్ అయొడిన్ అను మందును పలుచని తేనీటి రంగు వచ్చువఱకు నీటిలో కలిపి, మెత్తని గుడ్డతో మెడగాయమును దినమునకు రెండుమార్లు తుడిచిరి. మనుష్యుల కొఱకు అమ్ము లేపనములలో నొప్పి తెలియకుండుటకై కలుపు మందులు కొన్ని యీ జీవులకు విషమగును గనుక, వైద్యు డిచ్చినది తప్ప వేఱేదియు పూయలేదు. త్రాగించు మందును బల్లి బరువునుబట్టి లెక్కకట్టి యిచ్చెను. తోక తెగినచోట నెత్తురు స్వల్పమే. అచ్చటి కండరములు తమంతట ముడుచుకొని రక్తనాళములను మూయును.

వెచ్చదనమే వీటికి సగము వైద్యము. తమ శరీరమున తాము వేడి పుట్టించుకొనజాలని జీవులగుటచే, పెట్టెలో ఒక కొస నేల 31 మొదలు 33 సెంటీగ్రేడు డిగ్రీలవఱకును, రెండవ కొస సుమారు 25 డిగ్రీలును ఉండవలయును. వెచ్చదనము లేనిచో తిన్నది జీర్ణము గాదు, పుండు మానదు. ఆహారముగా వేసిన కీచురాళ్లలో మిగిలినవానిని రాత్రియే తీసివేయవలయును. లేనిచో అవియే గాయమును కొఱుకును. పుండు వాచినను, నల్లబడినను, వాసన వచ్చినను, గట్టి పెరుగుముక్కవంటి చీము కనబడినను మరల వైద్యునియొద్దకు తెమ్మనెను.

మా వాడు ప్రతిదినము చుక్కను చిన్న త్రాసుపై నుంచి తూచి పుస్తకమున వ్రాసెడివాడు. మొదట 58 గ్రాములున్నది, పదిదినములలో 49 గ్రాములకు దిగెను. తోకతో దాని ఆహారపు నిల్వ పోయినది గదా! పదునొకండవ దినమున నొక పురుగును తినెను. వాడు వంటయింటిలోనికి పరుగెత్తుకొని వచ్చి చెప్పిన తీరు పరీక్షలో నెగ్గినవానివలె నుండెను.

మూడు వారములకు మెడగాయము మానెను. అప్పుడు అసలు చిక్కు వచ్చినది. వాడు రెండింటిని మరల కలుపవలెననెను. “ఒంటరిగా నుండలేవు పిన్నీ. ఈసారి రాజీపడును” అనెను. మా అక్కగారు రెండవ పెద్దపెట్టె కొనుటకంటె పులిని మఱొకరి కిచ్చివేయుట మేలనిరి. నేను వానితో వాదింపక, వైద్యుడు చెప్పినదానిని ఒక కాగితముపై వ్రాయుమంటిని. వాడు వ్రాసినది యిది: ఈ బల్లులు స్వభావముచే ఒంటరివి. ఒకదానిపై నొకటి పడుకొనుట స్నేహము గాదు. వెచ్చని చోటు ఒక్కటే యున్నందున దానికై చేయు పోటీ. మగది, ఆడది కలసియున్నచో ఆడదానికి విశ్రాంతి యుండక చిక్కిపోవును. రెండు ఆడువి కలసియున్నను, బలముగలది వెచ్చదనమును, తిండిని ఆక్రమించుకొనగా రెండవది చప్పుడు లేకుండ క్షీణించును.

తాను వ్రాసినదానిని తానే చదువుకొని వాడు చాలసేపు మాటలాడలేదు. మఱునాడు క్రికెట్టు బ్యాటు కొఱకు కూడబెట్టిన సొమ్ము తెచ్చి తల్లిచేతిలో పెట్టెను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల రెండవ పెట్టె వచ్చినది. ఒక్కొక్క పెట్టెలో వెచ్చని గుహ యొకటి, చల్లని గుహ యొకటి, చర్మము విడుచుటకు తడినాచు గల గుహ యొకటి, నీళ్లపళ్లెము, వేడి మితిమీఱకుండ ఆపు థర్మోస్టాటు అమర్చిరి. ఒకదాని నొకటి చూచి బెదరకుండ నడుమ అట్టను నిలిపిరి. ముట్టుకొనిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనుట యింటి నియమమైనది. ఏలయన ఈ జీవులవలన సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి మనకు సోకవచ్చును. చుక్కకు క్రొత్త తోక మొలచుచున్నది. అది ఎముక లేక, ఉబ్బి, గెడ్డవలె నుండును; పూర్వపు అందము రాదు.

ఒకేచోట పెంచితీరవలె ననువారికి వైద్యుడు చెప్పిన కట్టుబాట్లు ఇవి. రెండు మగవానిని ఎన్నడును కలుపరాదు. క్రొత్తదానిని కనీసము రెండుమూడు నెలలు వేఱుగా నుంచి, రోగము లేదని తెలిసికొనవలయును. క్రిప్టోస్పోరిడియం అను పరాన్నజీవి మలముద్వారా ఒకదానినుండి మఱొకదానికి వ్యాపించి తోకను పుల్లవలె ఎండగట్టును. సమానమైన పరిమాణము గల ఆడువియే యైనను, ప్రతి వస్తువును రెండేసి యుంచి, వారమునకొకమారు తూచి, వేఱుచేయుటకు పెట్టె సిద్ధముగా నుంచుకొనవలయును. ఇంత శ్రమకంటె ఎవరి యిల్లు వారికుండుటయే సుఖము.

విద్యార్థులారా! మన తూర్పు కనుమలలోను ఈ చిరుతబల్లికి చుట్టమైన జాతి యొకటి కలదు. దానికి విషము లేదు. కనబడినచో చంపవలదు, పట్టి తేవలదు. దాని యిల్లు అడవియే.

బోధనాభ్యసన కళాశాలలో మాకు మొదట నేర్పిన పాఠము, పిల్లవాని స్వభావమును గమనించినపిదపనే వానికి బోధింపుమని. ఒకే బల్లపై కూర్చుండబెట్టిన యిద్దఱు పిల్లలు స్నేహితులగుదురని పంతుళ్లమును, ఒకే గదిలో పెంచిన అన్నదమ్ములు ఒకే మనస్సు గలవారగుదురని తల్లిదండ్రులును తలంచుచుందుము. అట్లగువారును కలరు. కాని మూలను కూర్చుండి చప్పుడు లేకుండ చిక్కిపోవు బిడ్డ యెవరో కనిపెట్టుటకు త్రాసు లేదు. మన కన్నులే త్రాసు. మనకు నచ్చినదానిని ఇతరులకు పెట్టుట సులువైన ప్రేమ. వారికి కావలసినదేమో అడిగి, చూచి, నేర్చుకొని పెట్టుట కష్టమైన ప్రేమ. ఆ రెండవదానికి పదునాలుగేండ్ల బాలుడు తన బ్యాటును వెలగా చెల్లించెను.