ప్రయాణం మధ్యలో గది మారాలంటే...

ఓడ ప్రయాణాలంటే సినిమాల్లో చూడడమే గానీ మనకెక్కడివి అనుకునే రోజులు పోయాయి. 2022 జూన్‌లో మన విశాఖపట్నం రేవు నుంచే ఎంప్రెస్ అనే విహార నౌక పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. 2023 సెప్టెంబరులో అక్కడ ఇలాంటి నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఇక సింగపూర్‌లో పిల్లలున్న వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా సైనిక్‌పురిలో సాయంత్రం నడకకి బయల్దేరితే, "ఈసారి అబ్బాయి మమ్మల్ని ఓడ ఎక్కించాడండీ" అని చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు ఎదురవుతూనే ఉంటారు.

అలా వెళ్ళేవాళ్ళలో కొందరు ఒక ప్రయాణంతో సరిపెట్టుకోరు. ఓడ తిరిగి రేవు చేరాక, అదే ఓడలో అదే రోజు మొదలయ్యే రెండో ప్రయాణానికి కూడా ముందే టికెట్ తీసేసుకుంటారు. వినడానికి హాయిగా ఉంది కదూ! కానీ ఇందులో ఒక చిక్కుంది. ఓడవాళ్ళ లెక్కలో ఇవి రెండూ వేరువేరు ప్రయాణాలు. మీరున్న గదిని రెండో ప్రయాణానికి ఇంకెవరో ఎప్పుడో తీసుకుని ఉంటారు. అప్పుడు మీరు ఆ గది ఖాళీ చేసి వేరే గదికి మారాలి.

ఒక గది నుంచి ఇంకో గదికేగా, అదేం పెద్ద పని అంటారా? మామూలుగా అయితే పెద్ద పని కాదు. అందులోనూ నాలాంటి దానికి అసలే కాదు. మావారు ఆర్మీలో 28 ఏళ్ళు పనిచేశారు. పఠాన్‌కోట్, జబల్పూర్, జోర్హాట్, బెల్గాం అంటూ 17 ఇళ్ళు మారాం. ఫౌజీల ఇళ్ళలో నల్ల పెట్టెలుంటాయి, వాటి మీద తెల్ల రంగుతో పేరు, నంబరు రాసి ఉంటాయి. ఏ పెట్టెలో ఏముందో రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మాజీ సైనికుల కోసం వెలిసిన మా కాలనీలో చాలామంది అటకల మీద ఆ పెట్టెలు ఇంకా కనిపిస్తాయి.

అయినా పోయిన చలికాలం సింగపూర్‌లో ఓడ ఎక్కబోయే ముందు, ఈ గది మార్పు గురించి విని నా గుండె గుభేలుమంది. కారణం మావారి మతిమరుపు.

రెండేళ్ళ క్రితం మొదలైంది. మొదట కళ్ళజోడు, తాళాలు. తర్వాత చెప్పిందే చెప్పడం. ఇప్పుడు సాయంత్రం చీకటి పడే వేళకి కొంచెం తికమక ఎక్కువవుతుంది. ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, ఈ రకమైన జబ్బుందిట. డాక్టరుగారు మాకు చెప్పిన ముఖ్యమైన మాట ఒకటే. "ఉన్న చోటు, రోజువారీ పద్ధతి వీలైనంతవరకూ మార్చకండమ్మా."

మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. మొదటి ప్రయాణం పెనాంగ్, ఫుకెట్ చూసి రావడం. దాన్లో కొడుకు, కోడలు, మనవరాలు కూడా ఉంటారు. రెండోది పోర్ట్ క్లాంగ్ దాకా వెళ్ళి రావడం, మూడు రాత్రులు. దానికి మేమిద్దరమే. టికెట్లు తీశాక తెలిసింది, ఏడో అంతస్తులో గది వదిలి తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాలని. "వద్దులే అమ్మా, రెండోది మానేద్దాం. నాన్నగారు కంగారు పడతారు" అన్నాడు వాడు. నేను మాత్రం వెళ్దామనే అన్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆ రోజు ఏం జరుగుతుందో వినండి, మీకూ పనికొస్తుంది.

అసలు మొదట చెయ్యాల్సింది, రెండు ప్రయాణాల టికెట్లూ ఒకేసారి, వీలైనంత ముందుగా తీసుకుని, రెండింటికీ ఒకే గది నంబరు కావాలని ఏజెంటుకి గట్టిగా చెప్పడం. అలా దొరికితే ఏ గొడవా లేదు. దొరక్కపోతే, కనీసం ఓడ మధ్య భాగంలో, మరీ పైన కాకుండా గది అడగండి. అక్కడ ఊపు తక్కువ, వాంతుల బాధ తక్కువ. వీసా సంగతి కూడా చూసుకోవాలి. ఓడ సింగపూర్ వదిలి మళ్ళీ వచ్చిన ప్రతిసారీ కొత్తగా ఆ దేశంలో అడుగుపెట్టినట్టే లెక్క. అందుకని ఒక్కసారికే పనికొచ్చే వీసా చాలదు.

ఇక గది మారే ముందు రోజు రాత్రి. దిగిపోయే వాళ్ళందరూ తమ పెట్టెలకి రంగు చీటీలు కట్టి గుమ్మం బయట వరండాలో పెడతారు. వాళ్ళని చూసి మీరు మాత్రం పెట్టకండి. అక్కడ పెట్టిన పెట్టె నేరుగా రేవు మీదికి చేరుతుంది. మీ పెట్టెలకి కొత్త గది నంబరు రాసిన చీటీ కట్టి గదిలోనే ఉంచాలి. గది శుభ్రం చేసే అబ్బాయి వాటిని తెల్లారాక కొత్త గదికి చేరుస్తాడు. హేంగర్లకి వేలాడే బట్టలు పెట్టెలో కుక్కక్కర్లేదు. హేంగర్లతో సహా చక్రాల బండి మీద వాళ్ళే తీసుకెళ్ళి కొత్త బీరువాలో తగిలిస్తారు. పట్టుచీరలు తెచ్చుకున్న వాళ్ళకి ఇదెంత సుఖమో!

పొద్దున్నే ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా పాత గది వదలాలి. కొత్త గది మధ్యాహ్నానికి గానీ తయారవదు. ఆ మధ్య నాలుగైదు గంటలు మీ చేతి సంచీయే మీ ఇల్లు. పాస్‌పోర్టులు, మందులు, నగలు, కళ్ళజోడు, ఫోను చార్జరు, ఒక జత బట్టలు అందులో ఉండాలి. బయల్దేరే ముందు గదిలోని లాకరు, చిన్న ఫ్రిజ్, స్నానాలగది తలుపు వెనకాల కొక్కెం, దిండు కింద... అన్నీ తడిమి చూడండి. మనం అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చివరిసారి ఎలా చుట్టి వస్తామో అలాగన్నమాట.

తర్వాత, మిగిలిపోయేవాళ్ళందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, చేతికొక కార్డు ఇచ్చి, కిందికి దింపి పాస్‌పోర్టు తనిఖీ చేయించి మళ్ళీ ఎక్కిస్తారు. కాసేపు ఓడంతా ఖాళీ. ఆ నిశ్శబ్దం నాకు భలే నచ్చింది. పాత కార్డు ఇక ఏ తలుపూ తెరవదు, కొత్తది ఇస్తారు. ఖర్చుల లెక్క కూడా ఒకటి ముగించి ఇంకోటి మొదలెడతారు. భోజనం విషయం కూడా మళ్ళీ చెప్పుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా శాకాహారం కావాలని మొదటి ప్రయాణంలో చెప్పాంగా అనుకుంటే కుదరదు. బల్ల మారుతుంది, వడ్డించే మనిషీ మారతాడు. చాలా ఓడల్లో కెటిల్, ఇస్త్రీపెట్టె తేనివ్వరు, ఇంట్లో వండినవీ రానివ్వరు. దుకాణంలో సీలు వేసిన కరివేపాకు పొడి పొట్లం మాత్రం మా అన్నాన్ని కాపాడింది.

ఇంకొక్క మాట. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే తర్ఫీదు రెండోసారి ఎందుకని తప్పించుకోకండి. గది మారితే ఆ చోటు కూడా మారొచ్చు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్ళలో చాలామందికి అప్పటికి తర్ఫీదు జరగనే లేదు. ఆ తర్వాతే, ఓడ బయల్దేరే ముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ అది జరిగి తీరాలని నియమం గట్టి చేశారు.

ఇదంతా అందరికీ. మావారి కోసం నేను చేసుకున్న ఏర్పాట్లు వేరే ఉన్నాయి.

ఓడలో గది తలుపులు చాలావరకు ఇనుముతో చేసినవి, అయస్కాంతం అంటుకుంటుంది. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఏళ్ళ తరబడి ఉన్న వెంకటేశ్వరస్వామి బొమ్మని వెంట తీసుకెళ్ళాను. మొదటి గది తలుపుకి ఎక్కిన రోజే అంటించాను. మనవరాలి పాత మువ్వల పట్టీ లోపలి గడియకి తగిలించాను, తలుపు తీస్తే చప్పుడవ్వాలని. ఆయన చొక్కా జేబులో గది నంబరు, అబ్బాయి ఫోన్ నంబరు రాసిన చీటీ. గది చూసే అబ్బాయికి, కింద రిసెప్షన్‌లో అమ్మాయికి విషయం విడమరిచి చెప్పాను. సిగ్గుపడి దాచుకుంటే నష్టం మనకే కదా.

గది మారిన రోజు ఆయన్ని రిసెప్షన్‌లో అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి, మధ్యాహ్నం వెలుతురుండగానే నేను ముందు కొత్త గదికి వెళ్ళాను. దుప్పటి, ఆయన మంచం వైపు మంచినీళ్ళ సీసా, రేడియో, చెప్పులు, అన్నీ పాత గదిలో ఉన్నట్టే సర్దాను. తలుపుకి స్వామిని అంటించాను. అప్పుడు ఆయన్ని తీసుకొచ్చాను. చుట్టూ చూసి, "పోస్టింగ్ వచ్చిందా?" అన్నారు. "వచ్చిందండీ, మూడు రోజులకే" అన్నాను. నవ్వారు. నిజంగా తెలిసి నవ్వారో, నాకోసం నవ్వారో చెప్పలేను.

పిల్లలు పొద్దున్నే దిగి వెళ్ళిపోయారు. మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రి రెండింటికి మువ్వలు మోగాయి. లేచేసరికి ఆయన వరండాలో నడుస్తున్నారు. చాలా ఓడల్లో సరిసంఖ్యల గదులు ఒక వైపు, బేసిసంఖ్యలవి ఇంకో వైపు ఉంటాయి. మా పాత గది ఒక వైపు, కొత్తది మరో వైపు. ఆయన కాళ్ళు పాత లెక్కలోనే తిరిగాయి. నేను పిలవలేదు, వెనకే నడిచాను. ఎవరిదో తలుపు ముందు ఆగి, చేత్తో తడిమారు. "బొమ్మ ఏదోయ్?" అన్నారు. "అటుందండీ" అన్నాను. నాతో వచ్చి, మా తలుపు మీద స్వామిని తాకి, "ఆఁ... ఇదే" అని లోపలికెళ్ళి పడుకున్నారు. నాకు మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు, పిల్లలు వద్దన్నా ఎందుకు వెళ్ళానో చెప్తాను. సైనిక్‌పురిలో మా ఇల్లు పాతది. స్లాబు కారుతోంది, మెట్లెక్కితే నా మోకాళ్ళు మొర పెడుతున్నాయి. ఇల్లు బిల్డరుకి ఇచ్చేసి, రెండేళ్ళు అద్దెకుండి, తర్వాత అక్కడే కట్టే ఫ్లాట్లలో ఉండమని పిల్లలు చెప్తున్నారు. వాళ్ళు చెప్పేది మా మంచికే. కానీ ఆ మార్పు ఆయన తట్టుకోగలరా? ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా తేలలేదు. ఓడలో మార్పు చిన్నది, పైగా మూడు రోజుల్లో ముగిసిపోయేది. అందులో తెలుస్తుందనుకున్నాను.

తెలిసింది. ఆయనకి గది నంబరు గుర్తులేదు, అంతస్తు గుర్తులేదు. చేతికి తగిలేది గుర్తుంది. ఓడలో గదులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అదే మంచం, అదే స్నానాలగది, వైపు మాత్రమే మారింది. అంత చిన్న తేడాకే ఆయన అర్ధరాత్రి దారి తప్పారు. మా ఇంట్లో అయితే చీకట్లో గోడ పట్టుకుని స్నానాలగదికి వెళ్ళి, గోడ పట్టుకుని వెనక్కొస్తారు. ఆ గోడే లేకపోతే?

తిరిగొచ్చాక అబ్బాయికి ఫోన్లో చెప్పాను. "నాన్నగారు ఆ గోడ పట్టుకుని నడిచినన్నాళ్ళూ ఆ గోడ ఉంటుంది. స్లాబు బాగు చేయిద్దాం, మంచం కిందకి దింపుదాం. నువ్వు కోప్పడకు." వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నీ మోకాళ్ళ సంగతేంటమ్మా?" అన్నాడు చివరికి. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. బిల్డరు మళ్ళీ వస్తానన్నాడు. ఈసారి వచ్చినప్పుడు వద్దనడం మొదటిసారికన్నా కష్టంగానే ఉంటుంది.

అందరికీ ఇదే దారి అని నేను చెప్పడం లేదు. అద్దె ఇళ్ళవాళ్ళకి, పిల్లల దగ్గరికి చేరక తప్పని వాళ్ళకి మారడం తప్పదు. అలాంటప్పుడు పగటిపూట మారండి. పెద్దవాళ్ళ గది ముందు సర్దాకే వాళ్ళని తీసుకురండి. మంచం ఏ వైపు ఉండేదో ఆ వైపే వెయ్యండి. రాత్రి స్నానాలగది దీపం ఆర్పకండి. ఓ వారం రోజులు ముందుగానే వాళ్ళ చెయ్యి దేన్ని తడుముతోందో గమనించండి. దేవుడి పటమో, గడియారమో, పాత కుర్చీ చెయ్యో, ఏదో ఒకటి ఉంటుంది. సామాను కట్టేటప్పుడు దాన్ని అన్నిటికన్నా చివర పెట్టి, కొత్త ఇంట్లో అన్నిటికన్నా ముందు తియ్యండి.