మంద్ర స్వరానికి కట్టే పెట్టె: సిడ్నీ శివారులో ఒక బేస్ స్పీకర్ కార్ఖానా

నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగను మీటినప్పుడు పుట్టే స్వరానికి సెకనుకు సుమారు 41 కంపనాలు ఉంటాయి. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ స్వరంలోని ఒక్క తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. అంత పొడవైన తరంగాన్ని నడుము ఎత్తుకు కూడా రాని ఒక చెక్కపెట్టెలోంచి, అదీ డ్రమ్ముల హోరులో మునిగిపోకుండా, వెలికి తీయడం ఎలాగన్న ప్రశ్న చుట్టూ పెరిగినదే బేస్ కేబినెట్ల నిర్మాణవిద్య. ఆ విద్యను తన చేతులతో సాధన చేస్తున్న ఒక బేస్ వాద్యకారుడి కార్ఖానా ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు పశ్చిమ శివారులో, ఒక ఇంటి వెనుక కారు షెడ్డులో ఉంది; అక్కడ తయారయ్యే పెట్టెలు దుకాణాలకు వెళ్లవు, ఆయన వాయించే వేదికలకూ, ఆయన తోటి వాద్యకారుల ఇళ్లకూ మాత్రమే వెళతాయి.

ఈ పని సిడ్నీలో జరగడంలో ఒక ఔచిత్యం ఉంది. స్పీకరు పెట్టెల కొలతలను చాలా కాలం అనుభవం మీద, ఊహ మీద నిర్ణయించేవారు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రం ఆ ఊహల స్థానంలో గణితాన్ని నిలబెట్టింది. అమెరికా నుంచి వచ్చి సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలో ఆ గణితాన్ని విస్తరించి, స్పీకర్ స్వభావాన్ని కొద్దిపాటి సంఖ్యలలో చెప్పే పద్ధతిని స్థిరపరిచాడు. నేడు ప్రపంచంలో ఏ మూల స్పీకర్ కొన్నా దాని వివరపత్రంలో కనిపించే ‘థీల్-స్మాల్ పరామితులు’ ఇవే. ఇంట్లో పెట్టె కట్టుకునే వ్యక్తిని పెద్ద కంపెనీ ఇంజనీరు సరసన నిలబెట్టింది రంపమూ రూటరూ కంటే ఎక్కువగా ఈ సంఖ్యలే అని చెప్పడం అతిశయోక్తి కాదు.

కార్ఖానాలో పని చెక్కతో మొదలు కాదు, కాగితంతో మొదలవుతుంది. గోడకు అంటించిన పట్టికలో మూడు సంఖ్యలకు ప్రత్యేక స్థానముంది. మొదటిది స్పీకర్ సహజ కంపన సంఖ్య, అంటే పెట్టెలో బిగించని స్పీకర్ శంకువును కదిలించి వదిలితే అది తనంత తానుగా ఊగే వేగం. రెండవది ఆ శంకువును పట్టి ఉంచే అంచుల బిగువుకు సమానమైన బిగువు ఎంత గాలికి ఉంటుందో లీటర్లలో చెప్పే కొలత. మూడవది ఊగుతున్న శంకువు ఎంత త్వరగా అణగుతుందో సూచించే గుణకం. అయస్కాంతం బలమైనదైతే ఈ గుణకం తగ్గుతుంది. ఈ మూడూ తెలిస్తే ఆ స్పీకరుకు ఎన్ని లీటర్ల పెట్టె కావాలో, అది మూసిన పెట్టెగా ఉండాలో, రంధ్రమున్న పెట్టెగా ఉండాలో లెక్క కట్టవచ్చు.

ఆ రెండు రకాల మధ్య తేడాను కాస్త నిదానంగా చూడవలసి ఉంటుంది. శంకువు ముందుకు నెట్టినప్పుడు ఎదుట గాలి నొక్కుకుంటుంది, వెనుక పలచబడుతుంది. పెట్టె లేకపోతే ఈ రెండూ కలిసిపోయి మంద్ర స్వరాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మూసిన పెట్టె వెనుకవైపు ధ్వనిని బంధించి ఊరుకుంటుంది. రంధ్రమున్న పెట్టె దానిని వృథా చేయక పనిలో పెడుతుంది: ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక నిర్దిష్ట స్వరం మోగినట్లే, పెట్టెలోని గాలి స్ప్రింగులా, రంధ్రానికి బిగించిన గొట్టంలోని గాలి బరువులా పనిచేసి, ఒక కంపన సంఖ్య వద్ద గొట్టమే స్వరాన్ని పలుకుతుంది, శంకువు దాదాపు నిలిచిపోతుంది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్‌కు 1932లో ఈ ఏర్పాటు మీద పేటెంటు లభించింది. దీనికొక మూల్యం ఉంది. ఆ కంపన సంఖ్యకు దిగువన పెట్టెలోని గాలి శంకువును అదుపు చేయలేదు గనుక, అక్కడ బలమైన సంకేతం పంపితే శంకువు హద్దు దాటి ఊగి దెబ్బతింటుంది; అందుకే ఈ కార్ఖానా పెట్టెలు వాడేవారికి ఆంప్లిఫయరుకు ముందు అతి మంద్ర సంకేతాలను ఆపే ఫిల్టరు పెట్టుకోమని చెప్పి పంపుతారు.

సందర్శన సమయంలో బల్ల మీద ఉన్న పెట్టె పన్నెండంగుళాల స్పీకరుకు ఉద్దేశించినది. లోపలి కొలతలు 40, 45, 60 సెంటీమీటర్లు, అంటే 108 లీటర్లు. స్పీకర్, గొట్టాలు, లోపలి అడ్డపట్టీలు ఆక్రమించే చోటు తీసివేస్తే గాలికి మిగిలేది దాదాపు 100 లీటర్లు. దానిని 45 హెర్ట్జ్ వద్ద పలికించడానికి పది సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టాలు రెండు, ఒక్కొక్కటి సుమారు 16 సెంటీమీటర్ల పొడవున కావాలని లెక్క వచ్చింది. ఒకే గొట్టంతో సరిపెడితే నాలుగు సెంటీమీటర్ల పొడవు చాలునుగాని, ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి పెద్ద ధ్వని వద్ద బుసకొట్టినట్లు వినిపిస్తుంది.

ఇంకా కిందికి ఎందుకు పోకూడదన్న ప్రశ్నకు సమాధానం ‘హాఫ్‌మన్ ఉక్కు నియమం’గా పేరొందిన సూత్రంలో ఉంది. ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడూ, కేఎల్‌హెచ్ స్పీకర్ల సంస్థ స్థాపకులలో ఒకడూ అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద నిలిచిన ఆ నియమం ప్రకారం చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని అనే మూడింటిలో ఏ రెండైనా దక్కుతాయి, మూడవదానిని వదులుకోవాలి. పెట్టె కట్టేవాడి అసలు నేర్పు ఏది వదులుకోవాలో తెలుసుకోవడంలో ఉంది. బేస్ గిటారు విషయంలో లోతును కొంత వదులుకోవడమే వివేకం, ఎందుకంటే తీగ పలికే స్వరంలో మూల కంపనం కంటే దాని రెట్టింపు కంపనమే తరచు బలంగా ఉంటుంది, మూల కంపనం బలహీనపడినా చెవి దానిని తానే పూరించుకుంటుంది. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ ఆంప్లిఫయరుకు జోడీగా పేరొందిన, పదంగుళాల స్పీకర్లు ఎనిమిది అమర్చిన మూసిన పెట్టె 60 హెర్ట్జ్ దరిదాపుల్లోనే తగ్గడం మొదలుపెడుతుంది. అయినా రాక్ సంగీతపు బేస్ నాదం ఎలా ఉండాలో రెండు తరాలకు నేర్పినది ఆ పెట్టెయే. దాని బరువు మాత్రం 60 కిలోలు దాటుతుంది, స్వయంగా పెట్టె కట్టుకోవాలన్న కోరిక చాలామందిలో పుట్టేది దానిని మెట్ల మీదుగా మోసిన రోజునే.

బరువు తగ్గించడానికి ఇక్కడ 18 మిల్లీమీటర్ల పలకకు బదులు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ వాడి, ఎదురెదురు పలకలను లోపల అడ్డపట్టీలతో కలుపుతారు. ఒక్కసారి పిడికిలితో తట్టి చూస్తే ఆ పట్టీల విలువ తెలుస్తుంది: పట్టీ లేని పలక డోలులా మోగుతుంది, పట్టీ వేసినది పొడిగా ‘టక్’మంటుంది. బొబ్బిలి వీణకు పనసచెక్కను తొలిచేవారు చెక్క మోగాలని కోరుకుంటారు, ఇక్కడ చెక్క నోరు మూసుకోవాలని కోరుకుంటారు. వాద్యం పని తీగ దగ్గరే ముగిసింది గనుక పెట్టె తన సొంత స్వరం కలపరాదు. పలకల అంచులలో రూటరుతో గాడి తీసి, జిగురు పూసి, క్లాంపులతో బిగించి రాత్రంతా వదిలేస్తారు. కీళ్ల వెంట లోపలివైపు మరొక వరుస జిగురు పూస్తారు, ఎందుకంటే గాలి కారే సన్నని సందు కూడా ఈలలా వినిపిస్తుంది.

విద్యుత్ సంధానం గురించి చెప్పవలసింది కొంచెమే. ఎనిమిది ఓముల పెట్టెలు రెండు సమాంతరంగా కలిపితే ఆంప్లిఫయరుకు నాలుగు ఓముల భారం పడుతుంది. చాలా బేస్ ఆంప్లిఫయర్లకు అదే హద్దు కనుక ఇక్కడి పెట్టెలన్నీ ఎనిమిది ఓములవే. రెండు పెట్టెలు వాడేవారు వాటిని పక్కపక్కన కాక ఒకదానిపై ఒకటి నిలపాలని యజమాని పట్టుబడతాడు, ఎందుకంటే పక్కపక్కన పెడితే పై స్వరాలు సన్నని పాయగా ముందుకే పోయి, పక్కలకు కూర్చున్న శ్రోతలకు బేస్ మసకగా వినిపిస్తుంది.

చివరి పరీక్ష చెవితో కాదు, మీటరుతో జరుగుతుంది. ఒక రెసిస్టర్ ద్వారా స్పీకరుకు స్వల్ప సంకేతం పంపి, కంపన సంఖ్యను మెల్లగా పెంచుతూ ఇంపిడెన్సును, అంటే మారే విద్యుత్తుకు స్పీకర్ చూపే నిరోధాన్ని కొలుస్తారు. రంధ్రమున్న పెట్టెలో ఆ గీత రెండు శిఖరాలుగా లేస్తుంది, వాటి నడుమ లోయ అడుగు ఎక్కడ ఉందో అక్కడే గొట్టం పలుకుతోందని అర్థం. బల్ల మీది పెట్టెకు ఆ లోయ 45 దగ్గర కాక 43 హెర్ట్జ్ దగ్గర కనిపించింది. గొట్టాల లోపలి కొసలు పెట్టె పలకలకు దగ్గరగా ఉండడంతో వాటి పొడవు పెరిగినట్లే అయిందని యజమాని వివరించి, గొట్టాలను ఊడదీసి ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా కోశాడు. రెండవ కొలతలో లోయ 45కు వచ్చింది. ఆ సంఖ్యను పెట్టె లోపలి గోడ మీద పెన్సిలుతో రాసి, స్పీకర్ అంచు చుట్టూ రబ్బరు పట్టీ వేసి, ఎనిమిది మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు.