సంతకం ఎవరిది?

2019 కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని తీసుకుని రేపల్లె ప్యాసింజర్లో తెనాలి బయల్దేరాను. ఎక్కేటప్పుడు "కొద్దిగానే అవుతోంది టీచరమ్మా" అంది. భట్టిప్రోలు దాటేసరికి సీటు మీద పరిచిన తువ్వాలు తడిసిపోయింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఏమీ అడగలేదు. సంచిలోంచి పాత చీర తీసి, నాలుగు మడతలు వేసి అందించింది.

ఆ అమ్మాయికి అప్పటికే ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. మళ్ళీ నెల తప్పి మూడు నెలలు దాటింది. భర్త నిజాంపట్నం నుంచి బోటు మీద వేటకెళ్ళాడు. ఎవరికీ చెప్పుకోలేక మందుల షాపులో గర్భం పోయే బిళ్ళలు కొనుక్కుని మింగింది. తొలి వారాల్లో, అదీ డాక్టరు చెబితేనే వాడాల్సిన మందు అది.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, చేతికో కాగితం ఇచ్చారు. అడుగున 'భర్త సంతకం' అని ఒక గీత. "ఆయన లేకుండా మేం చెయ్యలేం మేడం, రేపు గొడవైతే ఎవరు చూస్తారు?" అన్నారు. నేను ఫోన్లు మొదలుపెట్టాను. బోటు యజమానికి, ఆమె అత్తగారికి, మరిదికి. నాలుగు గంటలు అదే పని. మంచం మీద ఆ పిల్ల పెదవులు తెల్లబడుతున్నాయి.

రాత్రి డ్యూటీకొచ్చిన డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏమ్మా, లోపల శుభ్రం చెయ్యాలి. చెయ్యమంటావా?"

"చెయ్యండమ్మా."

పెన్ను ఆమె చేతికే ఇచ్చింది. ఏడో తరగతి దాకా చదువుకున్న పిల్ల. వణికే చేత్తో తన పేరు ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. బతికింది.

ఆ నాలుగు గంటల్లో ఆమెని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. ఇది నన్నింకా నిద్రపోనివ్వదు.

తర్వాత బాపట్లలో లాయరుగా ఉన్న నా పాత విద్యార్థిని ఒకరు గర్భస్రావ చట్టం తెచ్చి నా ముందు పెట్టారు. 1971 నాటిది. అంతకుముందు 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం, తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భస్రావం నేరం, ఆ తల్లికీ శిక్షే. నాటు పద్ధతులతో ఆడవాళ్ళు చచ్చిపోతుంటే 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, ఆ సిఫార్సుల మీదే చట్టం వచ్చింది. మేజరైన స్త్రీకి కావాల్సింది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకమన్న మాటే అందులో లేదు. ప్రాణాపాయమైతే వారాల లెక్క కూడా అడ్డురాదు. నేను రెండుసార్లు చదివాను. నేను పుట్టి పెరుగుతున్న రోజుల నుంచీ ఉన్న చట్టం, నా కళ్ళెదుట ఆ పిల్లకి అందడానికి నాలుగు గంటలు పట్టింది.

చట్టమే లేకపోతే ఏమవుతుందో 2012లో ఐర్లండులో చూశాం. కర్ణాటక నుంచి వెళ్ళిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కి గర్భం నిలవదని తేలినా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆపారు. ఒంట్లో విషం పాకి 31 ఏళ్ళకే పోయింది. ఆ దేశం 2018లో ఓటు వేసి రాజ్యాంగాన్నే మార్చుకుంది.

మన దగ్గర 2021 సవరణ కొందరికి గడువుని 24 వారాలకి పెంచింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, పెళ్ళికానివాళ్ళకీ ఇది వర్తిస్తుందని తేల్చింది. చాలదు. నిర్ణయం ఇంకా డాక్టరు అభిప్రాయం మీదే ఆధారపడి ఉంది. కొత్త న్యాయసంహితలోనూ గర్భస్రావం నేరాల జాబితాలోనే ఉంది. ఆ శిక్ష భయమే మందుల షాపుకి నడిపిస్తుంది, ఆ భయమే కౌంటర్లో గీత గీయిస్తుంది. నేరమనే ఆ సెక్షను తీసెయ్యాలి, స్త్రీ నిర్ణయాన్ని హక్కుగా రాయాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొన్న మా వీధిలో ఒక కోడలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది. రెండు నెలలు. ఆయన ఊళ్ళో లేరు, అత్తయ్య వద్దంటున్నారు. స్టవ్ కట్టేసి, కుర్చీ జరిపి కూర్చోబెట్టాను.

"నువ్వేమంటున్నావమ్మా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది.