ఆకాశం లేని ప్రకృతి చిత్రం

ఈ మధ్య చిత్రకారుడు సూర్యప్రకాష్ గారి కొలను బొమ్మల దగ్గరే ఆగిపోతున్నాను. వాటిలో గట్టు కనబడదు, ఆకాశం కనబడదు. నీళ్ళు, నీళ్ళ మీద ఆకులు, ఆ సందుల్లో చెట్ల నీడలు. ఏది పైన ఉందో, ఏది లోతున ఉందో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపే నాకు ప్రాణం.

ఆయన 1940లో మన మధిరలో పుట్టారు. ఢిల్లీలో రాంకుమార్ దగ్గర పనిచేశారు. కాశీని మనుషులు లేకుండా, చివరికి ఘాట్లు కూడా ఆనవాలు దొరకనంతగా వేసిన మహానుభావుడు రాంకుమార్. సూర్యప్రకాష్ గారు మాత్రం మొదట తుప్పు పట్టిన కార్లను, తుక్కు ఇనుమును పట్టుకున్నారు. ఆకులూ నీళ్ళూ తర్వాత వచ్చాయి. ఆ తుప్పే ఎండుటాకు రంగై తిరిగొచ్చిందని నాకు గట్టి నమ్మకం.

అమెరికా చిత్రకారుడు పొలాక్ రంగు చిమ్మిన ఆవేశం ఈయనలో వెతక్కండి. ఇక్కడ రంగు నిదానంగా ఊరుతుంది.

హైదరాబాద్‌లో మా శాలిబండలో చెట్లు తక్కువ. గడియారం దగ్గరి పాత గోడల మీద సున్నం పొరలుగా రాలి, వానలకు నాచు పట్టి ఉంటుంది. ఈ బొమ్మలు చూశాక ఆ గోడల ముందు నిలబడటం అలవాటైంది.

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నారు సూర్యప్రకాష్ గారు. 2019లో పోయారు. ఎవరి దగ్గరైనా ఆయన పాత కేటలాగులుంటే చెప్పండి, మీ ఇంటికే వచ్చి చూసుకుంటాను.