ఎనిమిదో వాల్వు

బొమ్మ గీయడం వేరు, విషయం బోధపడేటట్టు బొమ్మ గీయడం వేరు. మొదటిది చిత్రకారుడి విద్య. రెండోది, నన్నడిగితే, వ్యాకరణం చెప్పేవాడి విద్య. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పద్యాలకు అన్వయం చెప్పి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి గనుక ప్రతిదానికీ వ్యాకరణం అంటగడుతున్నానని మీరు నవ్వవచ్చును. నవ్వండి గాని, చివరిదాకా చదివి నవ్వండి.

ఈ రోజుల్లో బొమ్మ గీయడానికి చెయ్యి తిరగనక్కరలేదు, మాట తిరిగితే చాలు. కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులు వచ్చాయి. 'సంపునుంచి మోటారుకు, మోటారునుంచి ట్యాంకుకు' అని మామూలు తెలుగులో చెబితే, అది ఆ మాటల్ని నాలుగు వాక్యాల చిన్న భాషలోకి మార్చి, ఆ వాక్యాలనుంచి బొమ్మ తీయిస్తుంది. ఈ చిన్న భాషలు కొత్తవేమీ కావు. గ్రాఫ్‌విజ్ అనేది అమెరికాలో ఏటీ అండ్ టీ పరిశోధనశాలలో పుట్టింది. మెర్మెయిడ్ అనేది 2014 లో వచ్చింది. మెర్మెయిడ్‌లో 'సంపు --> మోటారు' అని ఒక పంక్తి రాస్తే చాలు, రెండు గళ్ళూ మధ్యన బాణమూ వాటంతట అవే పడతాయి. బొమ్మ అంటే రాత అన్నమాట. రాత అయినప్పుడు దాన్ని దిద్దడం మా బోటివాళ్ళకు చేతనైన పనే.

ఇక మా కథ. మేముండేది బెజవాడలో ఒక ఐదంతస్తుల ఇంట్లో. అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై వాటాలు. డాబామీద రెండు ట్యాంకులు. కుళాయి నీళ్ళది వంటింటికి, బోరు నీళ్ళది స్నానాల గదులకు. ఏ పైపు ఎక్కడ వంగిందో, ఏ వాల్వు కట్టేస్తే ఎవరి ఇంట్లో ధార ఆగుతుందో తెలిసినవాడు ఒక్కడే. మా ప్లంబరు మేస్త్రి. డెబ్భై దాటిన మనిషి. ఇల్లు కట్టిననాడు పైపులు వేసిందీ ఆయనే, తరవాత అతుకులు వేస్తూ వచ్చిందీ ఆయనే. బిల్డరు ఇచ్చిన ప్లాను ఒకటి అసోసియేషన్ బీరువాలో ఉన్నది గాని, దానికీ గోడలోపలి పైపులకూ చుట్టరికం తెగిపోయి చాలాకాలమైంది.

2025 మే నెలలో మేస్త్రి కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయించుకుని, ఊరవతల కూతురింట్లో విశ్రాంతిగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, తెల్లవారుజామున, మూడో అంతస్తు చివరి వాటాలో స్నానాలగది పైపు పగిలింది. మెట్లమీద ఏరు. పక్కవీధినుంచి ఒక కుర్ర ప్లంబరును పట్టుకొచ్చారు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? డాబామీద కనిపించిన వాల్వులన్నీ కట్టేశాడు. నీళ్ళు ఆగాయి. ఇంక ఏది తెరవాలన్నా భయం, మళ్ళీ ఎక్కడ పొంగుతుందోనని. ఇరవై వాటాలకూ మధ్యాహ్నందాకా చుక్క నీరు లేదు. ఐదో అంతస్తులో ఒక పెద్దావిడ ముందురోజే ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చారు. ఆవిడ మనవరాలు బిందె పట్టుకుని వీధికుళాయికి పోవడం చూసి మా ఆవిడ అన్నది:

"మేస్త్రిగారి బుర్రలో ఉన్నదంతా కాగితంమీద పెట్టించండి. ఆయన ఇంకెన్నాళ్ళు ఈ మెట్లెక్కుతాడు?"

మర్నాడే వెళ్ళాను. మేస్త్రి నల్లద్దాలు పెట్టుకుని చెబుతూంటే, ఆయన అన్నది అన్నట్టుగా ఎనిమిది పేజీలు రాసుకున్నాను. మా అమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నది. ఆ రాతంతా కంప్యూటరులో ఎక్కించి, కోడింగు సహాయకుడికి అప్పగించి, "బొమ్మ గియ్యి" అన్నది. అర నిమిషంలో బొమ్మ వచ్చింది.

చూద్దును గదా, సంపు ఆకాశాన ఉన్నది. డాబామీది ట్యాంకు దానికి దిగువన వేలాడుతున్నది. వినాయకుణ్ణి చేయబోతే కోతి కావడమంటే ఇదే కాబోలు ననుకున్నాను. అమ్మాయి కారణం చెప్పింది. ఈ చిన్న భాషల్లో ఏ గడి ఎక్కడ కూర్చోవాలో యంత్రమే తేలుస్తుంది. పైనుంచి కిందికి గీయమంటే, మొదలు పైన, తుది కింద. నీటికి మొదలు సంపు గనుక సంపు పైకి పోయింది. పోనీ కిందినుంచి పైకి గీయమన్నాం. ఈమాటు సంపు కిందికి దిగింది గాని, ట్యాంకునుంచి వాటాలకు దిగవలసిన నీళ్ళు ఇంకా పైకి ఎక్కిపోయి, ఐదంతస్తులూ ట్యాంకుమీద కూర్చున్నాయి!

అందుకని ఆ పద్ధతి మానేసి, ఎస్‌వీజీలో గీయించాం. ఇది 2001 లో ప్రమాణమైన పద్ధతి. ఇందులో ప్రతి గీతకూ చోటు అంకెల్లో చెప్పాలి, ఎడమనుంచి ఇంత, పైనుంచి ఇంత అని. మనిషి కూర్చుని రాస్తే విసుగెత్తిపోయే పని. సహాయకుడికి విసుగులేదు. ఇల్లు నిలబడ్డట్టే బొమ్మా నిలబడింది.

నిలబడింది గాని చదవరాదు. ఎనిమిది పేజీలూ ఒక్క బొమ్మలో కూరితే ఏమవుతుంది? పైపుల సైజులు, వేసిన సంవత్సరాలు, మోటారు గుర్రపుబలం, అన్నీ అందులోనే. అప్పుడు నాకు లండన్ భూగర్భ రైళ్ళ పటం గుర్తుకు వచ్చింది. హారీ బెక్ అనే ఆయన విద్యుత్ సర్క్యూట్ల బొమ్మలు గీసే ఉద్యోగి. 1931 లో ఆ పటం గీశాడు, 1933 లో అచ్చయింది. స్టేషన్ల మధ్య అసలు దూరాలు ఆయన వదిలేశాడు. వంకర దారుల్ని నిలువు, అడ్డం, ఏటవాలు గీతలు చేశాడు. భూమి లోపల ప్రయాణం చేసేవాడికి పైన వీధి ఎన్ని వంకరలు పోతే ఏం? ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి, అంతే కావాలి.

మా దగ్గర అన్వయంలో ఖండాన్వయమని ఒక పద్ధతి ఉన్నది. క్రియను ముందు పట్టుకుని, ఎవరు, దేనిని, ఎక్కడ అని అడుగుతూ పోవడం. మా బొమ్మకు క్రియ ఏది? వాల్వు! పైపు పగిలిననాడు మనిషి చేయగలిగిన పని అదొక్కటే. కనుక అమ్మాయితో చెప్పి, ఒక్క బొమ్మను రెండు చేయించాను. 'ఈ వాల్వు కట్టేస్తే ఎవరికి నీళ్ళు ఆగుతాయి?' అనే ప్రశ్నకు జవాబు మొదటి బొమ్మ. తక్కిన చరిత్ర అంతా రెండోది.

దిద్దుబాటులో మరికొన్ని సంగతులు తెలిశాయి. వాటిని బొమ్మలు గీయించుకోదలచినవారికోసం చెబుతున్నాను. తెలుగు అక్షరాలు గళ్ళలో పట్టలేదు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు గళ్ళు కట్టింది గనుక 'స్నానాల గది' గోడ దాటి బయటికి వచ్చింది. "బొమ్మను ముద్రించి, నువ్వే ఒకసారి చూసుకుని దిద్దు" అన్న తరవాత సరిపెట్టింది. కుళాయి నీళ్ళకు నీలం, బోరు నీళ్ళకు ఎరుపు వేసింది. జిరాక్సు తీస్తే రెండూ ఒకటే నలుపు. కనుక ఒకటి నిండుగీత, రెండోది తెగినగీత చేయించాం. ఒక బాణం జరపమంటే, మొత్తం బొమ్మ తిరగరాసి, బాగున్న చోట్లు కూడా కదిపింది. "ఈ పంక్తి తప్ప మరేదీ ముట్టుకోకు, ఏ పంక్తి మార్చావో చూపించు" అని కట్టడి చేస్తే అల్లాగే చేసింది. ప్రూఫులు దిద్దేవాడు పేజీ అంతా తిరిగి కూర్చమనడు గదా!

బొమ్మ చక్కగా వచ్చింది. మేస్త్రి కంటికి ఆనేటట్టు పెద్ద అక్షరాలతో అచ్చుతీసి పట్టుకెళ్ళాం. ఆయన కొత్త కళ్ళద్దాలు సవరించుకుని, సంపుమీద వేలు పెట్టి, మోటారుమీదుగా పైకి తీసుకుపోయి, డాబామీద ఒక్కొక్క వాల్వే లెక్కపెట్టాడు.

"మాస్టారూ, ఇక్కడ ఎనిమిది ఉన్నాయేమండీ? డాబామీద ఏడే గదా!"

నా రాత తీసి చూశాను. కుళాయి ట్యాంకుకు నాలుగు వాల్వులు. బోరు ట్యాంకుకు ఒకటో వరసకు, రెండో వరసకు, మూడో వరసకు, అని ఆయన చెప్పిందే ఉన్నది. నాలుగో వరస ఊసు లేదు. ఎనిమిదోది సహాయకుడు వేసింది! ఎక్కడిదని అమ్మాయి అడిగితే, తక్కిన వరసలన్నిటికీ ఉన్నది గనుక దీనికీ ఉంటుందనుకుని వేశానని మర్యాదగా జవాబు చెప్పింది. చూడటానికి బొమ్మ అందంగా ఉన్నది ఆ లేని వాల్వువల్లనే.

మేస్త్రి నవ్వాడు. "ఎనిమిదోది ఉందండీ. డాబామీద కాదు. నాలుగో వరస పైపు కారితే, దాన్ని ఐదో అంతస్తు షాఫ్టులో మూడోదానికి కలిపేశాను. అక్కడ పెట్టాను వాల్వు. డాబామీద ఏడోది కట్టేస్తే రెండు వరసలూ ఆగిపోతాయి. షాఫ్టులోది కట్టేస్తే నాలుగో వరస ఒక్కటే ఆగుతుంది."

పగిలింది నాలుగో వరసలోనే. ఆ బొమ్మను నమ్మితే మళ్ళీ అల్లాంటి తెల్లవారుజామున లేని వాల్వుకోసం డాబా అంతా వెతికేవాళ్ళం. ఇంటికి వచ్చాక అమ్మాయి సహాయకుడికి కొత్త నియమం పెట్టింది: "రాతలో లేనిది గీయకు. సందేహం ఉన్నచోట ప్రశ్నార్థకం వెయ్యి." వెంటనే బొమ్మలో మూడు ప్రశ్నార్థకాలు మొలిచాయి. ఒకదానికి మేస్త్రి కూర్చున్నచోటునుంచే జవాబు చెప్పాడు. తక్కిన రెండింటికీ, కన్ను నయమయ్యాక తానే వచ్చి గోడ తట్టి చూసి చెప్పాడు.

ఆ రోజునే ఆయన మెట్లమీద ఆగి అడిగాడు: "ఇదంతా కాగితంలోకి వచ్చేశాక ఇంక నేనెందుకండీ?"

ఆ ప్రశ్న ఆయన ఊరికే అడగలేదు. అసోసియేషన్ మీటింగులో ఒకాయన అదే మాట లెక్కల భాషలో అన్నాడు. బొమ్మ చేతికి వచ్చింది గనుక మేస్త్రికి నెలనెలా ఇచ్చేది మానేయవచ్చునని. నేను లేచి, రెండు బొమ్మలూ పక్కపక్కన గోడకు అంటించాను. ఎనిమిది వాల్వులు వరసగా ఉన్న అందమైన బొమ్మ ఒకటి, ఒకటి షాఫ్టులో దాక్కున్న నిజమైన బొమ్మ ఒకటి. "వీటిలో ఏది తప్పో ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చెప్పగలిగినవారెవరు?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఐదో అంతస్తు పెద్దావిడ మాత్రం, "మేస్త్రినే అడగాలి" అన్నారు. అంతటితో తీర్మానమైపోయింది.

ఇప్పుడు ప్రతి వాల్వుకూ ఎనామిల్ రంగుతో అంకె వేసి ఉన్నది. అదే అంకె బొమ్మలోనూ ఉన్నది. లిఫ్టు పక్కన అద్దంలో బిగించిన ఆ కాగితం కింద, బొమ్మ చెప్పినవారు అని మేస్త్రి పేరు, సరిచూసిన తేదీ. ఆరు నెలలకొకసారి ఆయన వచ్చి, కాగితం చేత పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. ఎక్కడైనా తేడా వస్తే అమ్మాయి ఆ ఒక్క పంక్తీ మార్పిస్తుంది, తేదీ మారుస్తుంది. ఆ తిరగడానికే ఆయనకు జీతం.

మొన్న వచ్చినప్పుడు రెండో అంతస్తులో ఆగి, గోడకు చెవి ఆనించి, కాసేపు విని, "ఇక్కడ సన్నంగా ఊరుతోంది, ఈ వారంలో చూడాలి" అన్నాడు. నేను చేతిలో బొమ్మకేసి చూశాను. అక్కడ నిండుగీత నిటారుగా, నిష్కల్మషంగా ఉన్నది.

"దానికేం తెలుసు మాస్టారూ, దానికి చెవి లేదు గదా!" అన్నాడు మేస్త్రి.