తాళం తీసిన ఇల్లు

రైలు ఆదోని దాటాక కిటికీలోంచి ఓసారి తొంగి చూడండి. పత్తి మిల్లుల రేకుల కప్పులు వెనక్కి పోతాయి. నల్లరేగడి చేలు మొదలవుతాయి. కాసేపటికి ఎవరో తీరిగ్గా కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రాళ్ల గుట్టలు. అవి దగ్గరపడ్డాయంటే కోసిగి వచ్చేసినట్టే. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో పోయే మంత్రాలయం యాత్రికులు చాలామంది ఈ స్టేషన్‌ను నిద్రలోనే దాటేస్తారు. దిగేవాళ్లు తక్కువ. దిగినవాళ్ల చేతుల్లో సూట్‌కేసులు కాదు, మూటలుంటాయి.

ఆ మూటల కథ తెలియకపోతే కోసిగి తెలియదు.

దీపావళి దాటి పొలం పనులు సన్నగిల్లాయంటే పశ్చిమ కర్నూలులో ఒకటే మాట... 'సుగ్గికి పోతాండారు'. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. సరిహద్దు దాటి ఇటొచ్చేసరికి ఆ మాటకు అర్థం మారిపోయింది. ఇక్కడ సుగ్గి అంటే ఊరు విడిచి ఇంకొకరి పంట కోయడానికి పోవడం. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు, హైదరాబాదుల్లో మేస్త్రీల దగ్గరికి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం... ఏ మండలం చూసినా ఇదే వరస. మొగుడూ పెళ్లాం, పిల్లాజెల్లా, వంటగిన్నెలు, పరుపుచుట్టలు, జొన్నల సంచి అన్నీ ఒకే వాహనంలో. వీధికి వీధే తాళం పడుతుంది. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, గొడ్లు. బడి మానకుండా ఉండాలని సీజనల్ హాస్టళ్లలో చేర్చిన పిల్లలు కొందరు. అక్షరాస్యతలో ఈ ప్రాంతం రాష్ట్రంలో బాగా వెనకబడి ఉండటానికి ఉన్న కారణాల్లో ఈ తాళాలూ ఒకటి.

కాబట్టి ఈ ఊళ్లో సంతోషం గురించి చెప్పుకోవాలంటే తాళం తీసిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఉగాది దగ్గర పడుతుంటే ఒక్కొక్క కుటుంబమే తిరిగొస్తుంది. పక్కింటి అవ్వ కొంగున భద్రంగా ఉన్న తాళంచెవి చేతులు మారుతుంది. తలుపు తోస్తే దుమ్ము వాసన. ముందు పొయ్యి అలుకుతారు. తర్వాతే మిగతా ఇల్లు. ఆ పూటకు పక్కిళ్ల నుంచి రొట్టెలొస్తాయి. 'బువ్వ తిన్యావా?' అన్నది ఇక్కడి పలకరింపు. ఎట్లున్నావు, ఎంత సంపాయించినావు అన్న ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

రొట్టె అంటే జొన్నరొట్టే. దాన్ని చేయడం చూసినవారికి తినడం సగం తృప్తి మాత్రమే అనిపిస్తుంది. వేణ్నీళ్లు పోసి కలిపిన పిండిని అరచేతి మడమతో మెదపాలి. లేకపోతే అంచు పగుల్తుంది. పొడిపిండి చల్లి అరచేత్తో 'టప్... టప్' మని తడుతుంటే ముద్ద తిరుగుతూ తిరుగుతూ పున్నమి చంద్రుడంత అవుతుంది. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, తిరగేసి, చివర్లో నిప్పుల సెగకు ఆనిస్తే పొంగుతుంది. చీకటి పడే వేళ వీధిలో నడుస్తుంటే ఇంటింటి నుంచీ ఆ టపటపలు వినిపిస్తాయి. ఏ ఇంట్లో ఆ చప్పుడు లేదో ఆ ఇంటివాళ్లు ఇంకా సుగ్గి నుంచి రాలేదన్నమాట. దీనికంటే కచ్చితమైన జనాభా లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదేమో!

రొట్టెలోకి బుడ్డల చట్నీ (ఈ వైపు వేరుసెనగను బుడ్డలంటారు), గురెళ్ల పొడి, లేదంటే పుండికూర. గోంగూరకే ఇక్కడ ఆ పేరు. కంచం పట్టుకుని ఎవరింట్లో వాళ్లు కూర్చోవడం తక్కువ. అరుగు మీదికొస్తారు. ఒకరి పుండికూర ఇంకొకరి రొట్టె మీదికి పోతుంది. ఇంకొకరి పచ్చి ఉల్లిపాయ ఇటొస్తుంది. నాలుగు నెలలు మిరప చేను గట్టున గుడారంలో వండుకుని, ఘాటుకు మండే చేతుల్తోనే తిన్నవాళ్లకు ఆ అరుగు విలువ తెలుసు. ఇల్లు విడిచి పోనివాళ్లకు అది వట్టి అరుగే.

పొద్దున పూట ఉగ్గాని. రాయలసీమ బయటివారికి చెప్పాలంటే బొరుగుల ఉప్మా అనొచ్చు కానీ ఆ పేరుతో పిలిస్తే ఇక్కడివాళ్లు ఒప్పుకోరు. బొరుగుల్ని నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ముద్దయిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో తిప్పి, పైన పుట్నాలపప్పు పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ఆదోని, ఎమ్మిగనూరుల్లోనూ ఇదే మర్యాద. ఉగ్గాని బండి ముందు షావుకారూ హమాలీ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. బజ్జీ వేడికి ఇద్దరూ ఒకే రకంగా 'ఉస్సు' మంటారు.

పీర్ల పండగ వస్తే పంక్తి ఇంకా పెద్దదవుతుంది. ఏ కులం వారైనా, ఏ మతం వారైనా పీర్ల ముందు అలాయి ఆడేవాళ్లే, బెల్లం కలిపిన మలీద పంచుకునేవాళ్లే. శ్రావణమాసంలో జనం కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి కదులుతారు. నైవేద్యం పెట్టి, తెచ్చుకున్నది నలుగురితో కలిసి తిని గానీ ఇళ్లకు తిరిగిరారు.

ఇదంతా చదివి 'పేదరికంలోనే ఆనందం ఉంది' అనుకుంటే పొరపాటు. ఈ నేలకు ఆకలి కొత్త కాదు. 1876-78లో వచ్చిన ధాత కరువు బళ్లారి జిల్లాను ఊడ్చిపెట్టింది. కోసిగి అప్పుడు ఆ జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలులో కలిశాయి. అదే ఏడాది తుంగభద్ర డ్యామ్ నీళ్లూ పారడం మొదలైంది. దిగువ కాలువ మీద ఎన్ని ఆశలో! కానీ చివరి భూములకు చేరేసరికి కాలువ సన్నబడిపోతుంది. వాన పడితే పంట, లేకపోతే సుగ్గి. జొన్నరొట్టె రుచిని పొగిడేవాళ్లు ఆ రొట్టె కోసం ఎన్ని వందల కిలోమీటర్లు పోయి రావాల్సి వస్తోందో కూడా గుర్తు పెట్టుకోవాలి. రొట్టె మాత్రం రుచిగానే ఉంటుంది. రెండూ నిజాలే.

కాసేపు ఒంటరిగా కూర్చోవాలనిపిస్తే ఇక్కడ రెండు చోట్లున్నాయి. ఒకటి తుంగభద్ర ఒడ్డు. కోసిగి తర్వాత కాస్త దూరంలోనే మంత్రాలయం రోడ్ స్టేషన్, అక్కడి నుంచి మంత్రాలయం. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన చోటు. మఠంలో పంక్తి భోజనం చేసి, పరిమళ ప్రసాదం పొట్లం చేతిలో పట్టుకుని జనం మెట్ల మీదికొస్తారు. ఎండాకాలం ఆ నది రాళ్ల మధ్య చిన్న పాయగా ఉంటుంది. 2009 అక్టోబరులో అదే నది మంత్రాలయాన్ని ముంచెత్తిందంటే కొత్తగా వచ్చినవారు నమ్మరు. చూసినవారు మాత్రం నీళ్లకేసి చూస్తూ కాసేపు మాట్లాడరు.

రెండోది కోసిగి గుట్టలే. పొద్దు వాలేటప్పుడు బండల మీద పగటి వేడి ఇంకా ఉంటుంది. కూర్చుంటే నడుముకు కాపడం పెట్టినట్టుంటుంది. మిరప కాయలు వంగి వంగి కోసొచ్చిన నడుములకు అంతకంటే ఏం కావాలి? గొర్రెలు తోలుకొచ్చిన తాత కర్ర పక్కన పెట్టి బీడీ వెలిగిస్తాడు. కింద ఊళ్లో ఒక్కొక్క దీపమే వెలుగుతుంది. ఆ తాతకు ఏ దీపం ఎవరిదో తెలుసు. వేలితో లెక్కపెడతాడు. నిన్నటికంటే రెండు ఎక్కువుంటే ఆ పూట కొండ దిగేటప్పుడు కాస్త హుషారుగా దిగుతాడు.

దూరంగా రాయచూరు వైపు రైలు పోతుంటుంది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు, బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు రాయచూరులో కలిసినప్పటి నుంచీ ఈ గుట్టలు ఆ కూత వింటూనే ఉన్నాయి. కిటికీల వెలుగులు వరసగా సాగిపోతాయి. స్టేషన్‌లో ఆగిందంటే ఎవరో దిగారన్నమాట. తాత ఓ క్షణం ఆగి అటు చూస్తాడు. తర్వాత గొర్రెల్ని అదిలిస్తాడు. కింద రొట్టెల చప్పుడు మొదలైంది.